మోటారు కడితేనే లైట్లు

కొబ్బరిబొండానికి కాగితం స్ట్రా ఇవ్వాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, ఆయన జన్మలో బొండాం తాగి ఉండడు. సగం నీళ్ళు తాగేసరికి అది మెత్తబడి ముద్దవుతుంది. నోట్లో అట్టపెట్టె రుచి మిగులుతుంది. మిగతా సగం నీళ్ళు చొక్కా తాగుతుంది. కొబ్బరిచెట్ల మధ్య పుట్టి పెరిగిన నేను, నలభై దగ్గర పడుతుండగా బొండాం తాగడం కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది.

ఆ ఆదివారం మా అబ్బాయి చొక్కా కూడా అలాగే తడిసింది. వాడికి నాలుగేళ్ళు. ఆ చొక్కా వాళ్ళమ్మ ఇస్త్రీ చేసి తొడిగింది. రావులపాలెంలో బయలుదేరి పావుగంట కాలేదు, నా పెంపకంలో మొదటి మరక పడింది.

నాకూ నా భార్యకూ కుదరలేదు. ఎందుకు కుదరలేదో చెప్పాలంటే ఇద్దరమూ చెప్పాలి, ఇక్కడ నేనొక్కణ్ణే ఉన్నాను. పెద్దలు కూర్చుని కాఫీలు తాగి తేల్చిందేమిటంటే, పిల్లలు తల్లి దగ్గర అమ్మమ్మగారింట్లో ఉంటారు, నెలకో ఆదివారం మధ్యాహ్నం నాతో గడుపుతారు, సాయంత్రం ఏడుకల్లా తిరిగి అప్పగించాలి. అదీ పిల్లలు ఇష్టపడితేనే. గత రెండు నెలలూ బయలుదేరే సమయానికి మావాడికి కడుపునొప్పి వచ్చింది, అయినా తీసుకెళ్తే ఏడుస్తూ తిరిగొచ్చాడు. ఈసారి గుమ్మం దగ్గర మా అత్తగారు చాలా మర్యాదగా చెప్పారు: "ఏమీ అనుకోకండి బాబూ. ఈసారి కూడా వాడు ఏడుస్తూ తిరిగొస్తే, కొన్నాళ్ళు మానేద్దామండి."

ఏమీ అనుకోలేదు. కారు స్టీరింగ్ మాత్రం కాస్త గట్టిగా పట్టుకున్నాను.

అందుకే కడియం ఎంచుకున్నాను. క్రిస్మస్ సెలవులకి అక్కడో నర్సరీలో మొక్కలన్నిటికీ సీరియల్ సెట్లు చుట్టి, లైట్లతో నెమళ్ళనీ ఏనుగునీ కట్టారని ఆఫీసులో అందరూ చెప్పారు. లైట్లంటే ఏడ్చే పిల్లాడు ఉండడని నా నమ్మకం. ఐదున్నరకే అక్కడున్నాం. ఏనుగుంది. ఇనప ఊచలతో, వైర్లతో, మసకచీకట్లో చాలా నిజాయితీగా నిలబడి ఉంది. వెలగడం లేదు.

"లైట్లు ఎప్పుడు వేస్తారండి?"

"ఇదిగో వేసేస్తామండి," అన్నాడు గేటు దగ్గరాయన. మా వైపు ఈ మాటకి కాలంతో సంబంధం లేదు.

ఆరైనా వెయ్యలేదు. మావాడు ఇంటికెప్పుడెళ్తాం అని అడగడం మొదలుపెట్టాడు. నేను లెక్కపెట్టలేదు. ఎనిమిదేళ్ళ మా అమ్మాయి పెట్టింది. "పదకొండుసార్లడిగాడు నాన్నా."

ఆరుంపావుకి నర్సరీ ఓనరుగారిని పట్టుకున్నాను.

"వెనక మడులకి నీళ్ళందలేదండి," అన్నాడాయన. "మోటారు ఆడుతుండగా లైట్లేస్తే లైను తట్టుకోదు, అది ఆపాల్సిందే. మోటారు కడితేనే లైట్లు."

"ఎప్పుడు కడతారండి?"

"మొక్క తాగినప్పుడండి."

ఆయన తప్పేమీ లేదు. ఆయనకి బతుకునిచ్చేది మొక్క, ఏనుగు కాదు. కానీ నేను ఏడింటికి రావులపాలెంలో ఉండాలి. మధ్యలో లారీలు ఆగిపోయే జొన్నాడ వంతెన ఉంది. మావాడి కింది పెదవి అప్పటికే ముందుకొస్తోంది. ఆ పెదవిని చూస్తూ నేను జీవితంలో మొదటిసారి రియల్ ఎస్టేటులోకి దిగాను.

"అసలు మాకో వెంచర్ ఉందండి," అన్నాను. "మొక్కలు కావాలి. లైట్లలో ఎలా ఉంటాయో చూసి చెబుదామని."

నా స్వాధీనంలో ఉన్న నేల ఒక పూలకుండీ అంత. ఆ కుండీ కూడా రాజమండ్రిలో మా ఇంటి ఓనరుది.

"ఎన్నెకరాలండి?"

"రెండు." మర్యాదగా ఉంటుందని మళ్ళీ అన్నాను, "రెండున్నర."

"ఒరేయ్, మోటారు కట్టెయ్యండ్రా!" అని అరిచాడాయన.

లైట్లు వెలిగాయి. ఏనుగు తొండమెత్తింది. నెమళ్ళు నీలంగా, ఆకుపచ్చగా ఒకదాని తర్వాత ఒకటి విప్పారాయి. మావాడు నోరు తెరిచాడు, ఏడవడానికి కాదు. నా వేలు వదిలి రెండడుగులు ముందుకి వేసి, "నాన్నా, పేద్ద ఏనుగు!" అన్నాడు. ఆ రోజు వాడు నన్ను నాన్నా అనడం అదే మొదలు.

నా వేలు వాడు వదిలాడు గానీ, నా మోచెయ్యి ఓనరుగారు పట్టుకున్నాడు. "రండి సార్, వెనక ఫైకస్ మొక్కలు చూద్దురు గాని. పిల్లల్ని మా ఆవిడ చూసుకుంటుందండి. ఏమేవ్, పాపకీ బాబుకీ కుర్చీలెయ్యి, కూల్‌డ్రింకివ్వు."

అప్పుడు అనవలసిన మాట ఒకటే: "అబద్ధమండి, నాకు వెంచర్ లేదు, క్షమించండి." అనలేకపోయాను. మోటారు కట్టించిన మనిషి దగ్గర, కుర్చీలేయించిన మనిషి దగ్గర ఆ మాట ఎలా అంటాం? "ఒక్క నిమిషమేనండి," అన్నాను. వెనక నాలుగడుగుల ఫైకస్ చూశాను. ఆరడుగులది చూశాను. ఎనిమిది అడుగులది నన్ను చూసింది. గేటుకి ఇటూ అటూ ఏ పామ్ వేస్తే ఠీవిగా ఉంటుందో ఆయన చెబుతుంటే, లేని గేటు గురించి నా అభిప్రాయం కూడా చెప్పాను. ఆకుల సందుల్లోంచి దూరంగా ఏనుగు తొండం ఎత్తుతూ దించుతూ కనిపించేది. ఆ కింద ఎక్కడో నా పిల్లలున్నారు. జేబులో ఫోను మూడుసార్లు మోగింది. అత్తగారింటి నంబరు. తియ్యలేదు.

తిరిగొచ్చేసరికి ఏడుంపావు. మావాడు ఓనరుగారి భార్య ఒళ్ళో ఎక్కిళ్ళు పెడుతున్నాడు. చొక్కా మీద కూల్‌డ్రింకు రెండో మరక వేసింది.

"మీరు కనబడలేదని దడుచుకున్నాడండి," అందావిడ. "ఏనుగు చూడరా అంటే నాన్నేడీ, నాన్నేడీ అని ఒకటే గోల."

నేను ఎత్తుకోబోతే చెయ్యి విదిలించుకుని అక్కనే పట్టుకున్నాడు. కారెక్కాక ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు. డిక్కీలో ఓనరుగారు శాంపిలుగా ఇచ్చిన రెండు ఫైకస్ మొక్కలున్నాయి. వద్దనలేకపోయాను.

జొన్నాడ వంతెన మీద మొక్కల లారీ వెనక ఆగిపోయాం. ఫోను మళ్ళీ మోగింది. తీశాను. "వచ్చేస్తున్నామండి, వంతెన మీదున్నాం," అన్నాను. "బాబు ఏడ్చాడా అండి?" అన్నారు మా అత్తగారు. "పడుకున్నాడండి," అన్నాను. ఆవిడ ఫోను పెట్టేశారు.

వాడు లేచేలోపు ఏదో ఒకటి సరిచెయ్యాలనిపించింది. ముందు సీట్లో కూర్చున్న మా అమ్మాయితో, "వచ్చే నెల యానాం వెళ్దాం తల్లీ. గోదావరి ఒడ్డున తిరగొచ్చు. మొక్కలేం చూడను, ఒట్టు. తమ్ముడికి నువ్వు చెప్పు, వస్తాడు," అన్నాను.

అది వెనక్కి తిరిగి తమ్ముణ్ణి చూసింది. తర్వాత ముందున్న లారీని చూసింది.

"తమ్ముడికి నువ్వంటే ఇష్టమే నాన్నా," అంది. "నీతో రావడమే ఇష్టం లేదు."