తోకకు వేసిన రేకు పట్టీ

విమానాల ఇంజనీరింగు చదివిన నన్ను రైల్వేవారు బిలాస్‌పూర్‌లో బొగ్గు వ్యాగన్ల మరమ్మతుకు వేశారు. పట్టాలు విడిచిన వ్యాగన్లను చాలా చూశాను గానీ, నేల విడిచి ఎగిరినదాన్ని ఒక్కటీ చూడలేదు. ఆ లోటు తీర్చుకోవడానికి ఎనభైల చివర్లో ప్రతి ఆదివారం ఉదయం రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో కాలనీ పిల్లలకు గ్లైడర్లు కట్టడం నేర్పేవాణ్ణి. వెదురు పుల్లలు, పల్చటి కాగితం, జిగురు. రెక్క ఎందుకు లేస్తుందో, తోక ఏం చేస్తుందో వాటితోనే చెప్పేవాణ్ణి. పిల్లలు నన్ను మంచి మాస్టారనేవారు. పోల్చి చూసుకోవడానికి వాళ్లకు ఇంకొకరు లేరు.

ఆ ఏడు నాగపూర్‌లో మోడల్ విమానాల శిబిరానికి మా క్లాసు నుంచి ఒక్కరిని పంపాలి. ఎవరి గ్లైడరు ఎక్కువసేపు గాలిలో ఉంటే వాళ్లు. క్లాసులో పదిహేనేళ్ల అమ్మాయి ఒకతి ఉండేది; వెళ్లేది తనేనని పోటీకి ముందే అందరికీ తెలుసు. తండ్రి లోకో షెడ్డులో ఫిట్టరు. నాలుగు నెలలు కూర్చుని కట్టింది. మధ్యలో ఒకసారి, బోర్డు మీద నా లెక్కలో తప్పు అందరి ముందూ పట్టుకుంది. నవ్వి మెచ్చుకున్నాను. మర్చిపోలేదు.

పోటీ రోజు మైదానంలో తనిఖీ. రెక్కల కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తితే గ్లైడరు ఎటూ ఒరగకుండా నిలవాలి. ఆమెది నిలవలేదు. తోక కిందికి జారింది. చూస్తే తోక అడుగున సన్నటి రేకు పట్టీ, దాని మీద వెండి రంగు. పని మాత్రం నీటుగా ఉంది.

"ఇదెప్పుడేశావు?"

"నేను కాదు సార్, నాన్న. నాకిప్పుడే తెలిసింది."

తండ్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాస్త దూరంలో సైకిలు పట్టుకుని నిల్చున్నాడు. షెడ్డు మనిషి కంటికి సన్నగా ఉన్నదల్లా విరిగేదే.

"ముక్కుకి కొంచెం మైనం పెట్టుకోనివ్వండి సార్. బ్యాలెన్స్ అయిపోద్ది," అంది అమ్మాయి.

మైనం నా జేబులోనే ఉంది. కానీ తనిఖీకి తెచ్చాక గ్లైడరును ముట్టుకోకూడదని రూలు. పెట్టింది నేనే. పైగా, బరువంతా సరితూగే చోటునే గరిమనాభి అంటారని ఎన్నిసార్లు చెప్పినా క్లాసులో ఎవరికీ ఎక్కలేదు. కళ్లారా చూస్తే ఎక్కుతుందనుకున్నాను.

"రూలు రూలే," అన్నాను. "ఉన్నదున్నట్టే విసురు."

విసిరింది. గ్లైడరు ముక్కు పైకెత్తి, ఏదో ఆలోచిస్తున్నట్టు ఒక్క క్షణం ఆగి, నిలువునా దిగి నేలలో గుచ్చుకుంది. రెక్క విరిగింది. తోక చెక్కుచెదరలేదు.

"అరే, ఇది ప్లేన్ కాదురా, మాల్‌గాడీ! గూడ్సు బండి!" అన్నాడొకడు. అందరూ నవ్వారు. నేనూ కొంచెం నవ్వాను.

ఆమె ఏడవలేదు. తండ్రి సైకిలుకు స్టాండు వేసి వస్తుంటే, గబగబా నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"నాగపూర్ వద్దు సార్. గాలొచ్చి పడిపోయిందని చెప్పండి చాలు. పట్టీ సంగతి నాన్నకి మత్ బతానా, చెప్పొద్దు, ప్లీజ్."

చిన్న కోరికే. సెలవుల కోసం మా అమ్మమ్మను రెండుసార్లు చంపినవాణ్ణి నేను. నిజమే చెప్పాలన్న పట్టుదల సరిగ్గా ఆ పూటే పుట్టింది.

"ఏటయినాది సార్?" అన్నాడు తండ్రి.

పిల్లలందరినీ దగ్గరికి పిలిచాను. రేకు పట్టీని వేలితో తడుతూ, ఇంత బరువు ఇక్కడ చేరితే గరిమనాభి ఎటు జరుగుతుందో, ముక్కు ఎందుకు లేస్తుందో, లేచాక ఎందుకు కూలుతుందో అయిదు నిమిషాలు వివరించాను. అంత బాగా నేనెప్పుడూ చెప్పలేదు. అమ్మాయి నేలకేసి చూస్తూ వింది.

"తోక సన్నంగా ఉన్నాది, ఇరిగిపోద్దేమోనని ఏసినాను సార్," అన్నాడు తండ్రి. "అయితే నా పట్టీ ఒల్లే పడిపోనాదా?"

"అవును."

"అచ్ఛా." జేబులోంచి పటకారు తీసి, కాగితం చిరగకుండా పట్టీని మెల్లగా ఊడదీశాడు. కూతురి వైపు చూడలేదు. "బాగా సెప్పినారు సార్. నాలాటోడికి కూడా అర్థమైపోనాది."

పట్టీని జేబులో వేసుకోబోతుంటే ఆపాను. "అది ఇక్కడ ఇచ్చెయ్యండి. పిల్లలకి చూపించడానికి పనికొస్తుంది."

ఇచ్చాడు.

ఆ అమ్మాయి తర్వాతి ఆదివారం రాలేదు, ఆ పై ఆదివారమూ రాలేదు. పట్టీని మాత్రం క్లాసు నడిచినన్నేళ్లూ చేతి నుంచి చేతికి తిప్పించాను, ఎవరు వేశారో, ఎందుకు వేశారో చెప్పి మరీ. గరిమనాభి మళ్లీ ఏ బ్యాచికీ రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.