బల్ల కింద దుమ్ము

ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ అయ్యవారు పోయి చాలా ఏళ్లయింది. పోయినవాళ్లను అనకూడదంటారు. నేను అంటాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో, ప్రొద్దుటూరులో నేను ఐదో తరగతి. పిల్లలకు లోకంలో ఎన్ని పనులున్నాయో తెలియాలి, తండ్రులంతా శనివారం బడికొచ్చి తమ పని గురించి చెప్పాలి అని మా అయ్యవారు కబురు పెట్టాడు. మా నాయన పని కంసాలి అంగళ్ల ముందు దుమ్ము ఊడ్చి, నీళ్లలో కడిగి, అందులో రాలిన బంగారు రజను తీయడం. మూడు రోజులు మా అమ్మను పీట మీద కూర్చోబెట్టి పాఠం చెప్పి చూసుకున్నాడు. "యాడన్నా తప్పు పోతే చెప్పు మే" అనేవాడు. "శానా బాగుండాది, ఇట్లే చెప్పు" అని మా అమ్మ నవ్వేది.

శనివారం ఉతికిన పంచె కట్టుకుని, తన కొయ్యపళ్లెం చంకన పెట్టుకుని వచ్చాడు. వకీలు చెప్పాడు. గుడ్డలంగడాయన చెప్పాడు. బంగారంగడాయనైతే అయ్యవారి బల్ల మీదే ఆకురాయితో ఉంగరం రాకి చూపించి, చేతులు దులుపుకుని కూర్చున్నాడు. తన అంగట్లో అయితే కింద గుడ్డ పరవకుండా ఆకురాయి ముట్టేవాడు కాదు. ఇక్కడ పిల్లల ముందు గొప్ప కదా!

మిగిలింది మా నాయనే. అయ్యవారు ఆయన్ను ఎగాదిగా చూశాడు. "నీ పనేముంది చెప్పేదానికి? ఊడ్చేది అందరికీ తెలుసు. వచ్చినావు గదా, ఈ గది ఊడ్చిపో" అన్నాడు. పిల్లలు పగలబడి నవ్వారు.

నేను లేచి, "మా నాయన ఇంగా చెప్పల్యా సార్!" అని అరిచాను. "కూసోవే" అని బెత్తం చూపించాడు. నోరున్నవాడిదే రాజ్యమంటారు. అబద్ధం. బెత్తం ఉన్నవాడిది.

మా నాయన చీపురు తీసుకున్నాడు. దాన్ని వాళ్ల ముఖాన కొట్టి రాడేమని నేను పళ్లు నూరుకున్నాను. ఆయన గదంతా ఊడ్వలేదు. బల్ల మీదా బల్ల కిందా మాత్రం మెల్లగా ఊడ్చి, ఆ దుమ్మును పళ్లెంలోకి ఎత్తి, బడి బావి దగ్గరికి నడిచాడు. పిల్లలు వెంటపడ్డారు.

నీళ్లు పోసి పళ్లెం తిప్పుతూ, "మన్ను తేలిక, పోతాది. బంగారు బరువు, అడుగున నిలుస్తాది. తొందరపడితే రెండూ పోతాయి" అన్నాడు. మూడు రోజులు మా అమ్మకు చెప్పిన మాటలే. నాలుగు చెంబుల నీళ్లు పోసేసరికి పళ్లెం అడుగున పచ్చగా మెరిసింది. నవ్విన పిల్లలే "అబ్బా!" అని నోళ్లు తెరిచారు.

బంగారంగడాయన వాళ్లను తోసుకుని వచ్చాడు. "అది నా బంగారప్పా. ఇట్లియ్యి."

రాలిపోయిన రజను ఊడ్చినవాడిదే. అది మా ఊరి కట్టుబాటు. అంగడి ముందర ఆయన ఒక్కనాడూ అడిగి ఎరుగడు. బడిలో అడిగాడు. అయ్యవారేమో అవునవునని తలూపాడు.

మా నాయన ఆ రజనంతా ఆయన చేతిలో పెట్టాడు. దారిపొడుగునా నేను ఏడుస్తుంటే, "పోనీలే అమ్మీ. పిల్లోల్లు చూసినారు గదా, సాలు" అన్నాడు.

ఆయనకు చాలిందేమో, నాకు చాలలేదు. సోమవారం గది ఊడ్చే వంతు నాది. మూలమూలా ఊడ్చి, దుమ్మంతా పోగుచేసి అయ్యవారి కుర్చీలో పోశాను. చేతులు వాచేలా దెబ్బలు తిన్నాను. ఆ దుమ్ము నాదని మాత్రం ఎవరూ రాలేదు.