గార్డు రైటు చెప్పందే కదలని కారు

మా మావయ్యగారు పోయారన్న కబురు నాకు బొబ్బిలిలో, పురిటిగదిలో తెలిసింది. బిడ్డ పుట్టి అప్పటికి తొమ్మిదో రోజు. ఖరగ్‌పూర్ నుంచి మావారు పక్కింటి ఫోనుకు చేశారు. అమ్మ వెళ్లి మాట్లాడి వచ్చి, నాకు ఏమీ చెప్పకుండా ముందు బిడ్డను నా ఒళ్లోంచి తీసుకుంది. సగం అప్పుడే అర్థమైంది. మావయ్యగారు పొద్దున్నే టీ తాగి, గ్లాసు కిందపెట్టి, గోడకు ఆనుకుని అలాగే ఉండిపోయారట. పచ్చి బాలింతను రైలెక్కించేది లేదని అమ్మా పిన్నులూ ఒక్క మాట మీద నిలబడ్డారు. ఆఖరిచూపు నాకు దక్కలేదు. ఆ కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

ఆయన రైలు డ్రైవరు. ముప్పై ఏళ్ల పైచిలుకు టాటానగర్ వైపు పాసింజరు బళ్లు నడిపారు. రెండేళ్ల కిందట నేను కొత్త కోడలిగా న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లో అడుగుపెట్టేసరికి ఆయన బండి దిగి నాలుగు నెలలైంది. కంటి వెనక పొర పాడైందనీ, కళ్లద్దాలతో బాగయ్యేది కాదనీ, ఇక ఇంజనెక్కకూడదనీ డాక్టరు రాసిచ్చాడు. డ్రైవర్లు డ్యూటీకి సంతకం పెట్టే గదిని లాబీ అంటారు. అక్కడ కూర్చుని చేసే పని ఇస్తామన్నారు. ఆయన వెళ్లలేదు. సెలవు మీద సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నారు.

కాలనీ నోరు ఊరుకుంటుందా? ఎర్ర సిగ్నలు దాటించేశాడని కొందరు, తాగి పట్టుబడ్డాడని కొందరు. ఆయన తాగేది టీ ఒక్కటే, అదీ పంచదార లేకుండా. కుళాయి దగ్గర ఒకావిడ నా ఎదుటే ఆ మాట అంటే బిందె అక్కడే వదిలేసి వచ్చేశాను. ఆయన మాత్రం ఎవరికీ బదులు చెప్పలేదు.

అత్తగారు లేరు. మావారు వర్క్‌షాపు సైరనుకు వెళ్లి మళ్లీ సైరనుకే వచ్చే మనిషి. పగలంతా ఇంట్లో మేమిద్దరమే. ఆయన ముందుగదిలో, నేను వంటింట్లో, మధ్య గుమ్మానికి ఒక పరదా. అన్నం పెట్టానంటే వచ్చి తినేవారు. కంచం కడుక్కుని వెళ్లిపోయేవారు. ఎండ వేళ యార్డులో షంటింగు చప్పుడు, గుద్దుకునే వ్యాగన్లు, ఎక్కడో ఒక కూత. ఆ కూత విని ఏ బండో, ఎంత ఆలస్యమో ఆయన పెదాలు కదిపేవారు. అంతకు మించి మాట లేదు. పెళ్లయిన కొత్తలో నేను నా గొంతు నేను వినడానికి వంటింట్లో గిన్నెలతో మాట్లాడేదాన్ని.

అలాంటి ఇంట్లోకి వీడియో గేమ్ వచ్చింది. ఖిదిర్‌పూర్ విదేశీ సరుకుల బజారు నుంచి వర్క్‌షాపు స్నేహితుడు తెచ్చాడని మావారు కొన్నారు. రెండు ఆదివారాలు ఆడి, క్రికెట్టు సీజను రాగానే మరిచిపోయారు. అందులో జపాను కార్ల పందెం ఒకటి ఉండేది. కొండల మీద మెలికలు తిరిగే దారి, రెండు పక్కలా పొడుగాటి చెట్లు, చెట్ల మధ్య మంచు. మలుపు దగ్గర కారు వెనకభాగం బయటికి విసురుకుని, అడ్డంగా జారుతూ వెళ్లి, మళ్లీ తిన్నగా నిలబడేది. తలుపులు మూసి, మధ్యాహ్నాలు, మావయ్యగారు కునుకు తీసేప్పుడు సౌండు బాగా తగ్గించి నేను ఆడుకునేదాన్ని. ఎండలో ఉడికే ఖరగ్‌పూర్ గదిలో ఆ మంచు చూస్తుంటే ఒళ్లు చల్లబడేది.

ఒకరోజు వెనక ఆయన నిలబడి ఉన్నారు. నేను గబుక్కున లేచి కొంగు సర్దుకున్నాను. తిడతారనుకున్నాను. ఆయన టీవీకి బాగా దగ్గరగా వచ్చి, తల కాస్త పక్కకు వంచి విన్నారు.

"ఏటమ్మా ఇది, సక్రం జారిపోతంది?" అన్నారు. నాతో ఆయన అన్న మొదటి పెద్ద మాట అది.

రైలు ఇంజనుకు చక్రం జారడం జబ్బు. వానకు తడిసిన పట్టా మీద చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది, అప్పుడు ఇసక వదిలి పట్టు తెప్పించాలి. ఆయన బతుకంతా జారకుండా చూడటంతోనే గడిచింది. ఇక్కడేమో జారించినవాడికే మార్కులు. ఆయనకు అది వింతగా, కొంచెం పాపంగా కూడా తోచింది. మీరు ఆడతారా అని అడిగాను. బొత్తాలు చూపించాను. వేళ్లతో తడిమి నేర్చుకున్నారు.

పందెం మొదలైంది. ఎరుపు, ఎరుపు, పచ్చ. మిగతా కార్లు రివ్వున పోయాయి. ఆయన కారు అక్కడే ఉంది. బొత్తాం దొరకలేదేమో అనుకుని, "పచ్చ దీపం వెలిగింది మావయ్యా" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి, ఎవరి కోసమో చూస్తున్నట్టు గుమ్మం కేసి చూశారు.

"సిగ్నలు ఇచ్చినారు సరే. గార్డు రైటు సెప్పొద్దా? ఎనకాల ఎవులు ఎక్కతన్నారో, ఎవులు దిగతన్నారో ముందున్నోడికి ఏటి తెలస్తాది?"

నాకు నవ్వాగలేదు. ఆయనకూ ఆగలేదు. పెళ్లయ్యాక ఆ ఇంట్లో విన్న మొదటి నవ్వది. ఆ రోజు నుంచి నేనే గార్డును. ఆయన వెనక నిలబడి, దండెం మీది ఆకుపచ్చ తువ్వాలు ఊపి "రైట్" అనాలి. ఆయన నోటితో చిన్న కూత వేసి అప్పుడు కదిలేవారు. ఈలోపు అందరూ మొదటి మలుపు దాటేసేవారు. ప్రతి పందెంలోనూ మా కారుదే ఆఖరి స్థానం. నాకు మొదట్లో ఉక్రోషం వచ్చేది, తర్వాత అలవాటైపోయింది.

కార్లలో ఆయన ఏరుకున్నది అన్నిటికన్నా బక్కది. తెల్లది. దీపాలు బానెట్టులో దాక్కుని, బొత్తాం నొక్కితే రెప్పలు తెరిచినట్టు పైకి లేచేవి. ఆ రెప్పల కోసమే అది తీసుకున్నారనిపిస్తుంది. టైర్లు, స్ప్రింగులు, గేర్లు మార్చుకునే వీలుండేది ఆటలో. ఆయన దాన్ని ఇంజన్లు బాగుచేసే షెడ్డులా చూసేవారు. నేను చదివి వినిపించాలి, ఆయన ఆలోచించి చెప్పాలి. ఒక్క పట్టున అన్నీ మార్చడానికి ఒప్పుకునేవారు కాదు. ఒకటి మార్చు, నడిపి చూడు, తర్వాత రెండోది అనేవారు. ఆట అయ్యాక ఇంజను రిపేరు పుస్తకంలో రాసినట్టు ఒక నోటుబుక్కులో రాసేవారు: 'వెనక ఎడమ టైరు బలం చాలదు.' లైనుకు మూడే మాటలు పట్టేంత లావు అక్షరాలు. పాతకాలపు దస్తూరీ అనుకున్నాను. నా తెలివి అంతవరకే.

మామగారి ఎదుట కోడలు కూర్చోదు. మా వైపు అది మాట్లాడుకునే సంగతే కాదు. నేను నెల రోజులు నిలబడే గార్డు ఉద్యోగం చేశాను. కాళ్లు పీకితే ఈ కాలు మీంచి ఆ కాలు మీదికి ఒరిగేదాన్ని. ఒకరోజు ఆయన ఆట ఆపి, వంటింట్లోంచి పీట తెచ్చి తన వెనక వేశారు.

"గార్డుకి ఎనకాల బ్రేకువాను పెట్టెలో కుర్సీ ఉంటాదమ్మా. కూకో. రూలే అది."

రూలన్నాక కోడలైనా ఏం చేస్తుంది? కూర్చున్నాను. తర్వాత కొన్నాళ్లకు పీట ఆయన వెనకనుంచి పక్కకు వచ్చింది. అప్పుడు నా ఉద్యోగం కూడా మారింది, అసిస్టెంటునయ్యాను. ఇంజనులో అసిస్టెంటు సిగ్నలు చూసి గట్టిగా పిలవాలి, డ్రైవరు అదే మాట తిరిగి గట్టిగా అనాలి. నేను "కుడి మలుపు" అంటే ఆయన "కుడి మలుపు" అనేవారు. నేను "ఎడమ, పెద్దది" అంటే ఆయన అదే అని, ఇంజను గొంతు వింటూ, బ్రేకు తట్టి, కారు తోక వదిలేసేవారు. ఆ తెల్లకారు మంచులో అడ్డంగా, తీరిగ్గా జారుతూ పోయేది. ఒక్కోసారి అక్కడ టీవీ ఉందనీ, గోడకవతల యార్డు ఉందనీ మరిచిపోయేదాన్ని. ఇద్దరం ఏదో కొండ దిగుతున్నాం, ఎక్కడికో తెలియదు, తొందర లేదు. అంత హాయి నాకు పుట్టింట్లో కూడా తెలియదు.

అప్పుడే జరిగింది. పందెం మధ్యలో కుక్కరు దింపడానికి వంటింట్లోకి వెళ్లి వచ్చాను. మంచు లేని చోట, తిన్నని దారి చివర, మా కారు కొండకు ముక్కు ఆనించి చక్రాలు తిప్పుతోంది. ఆయన కళ్లార్పకుండా టీవీనే చూస్తున్నారు. ఈయనకు దారి అసలు కనిపిస్తోందా అని అనుమానం వచ్చింది. మళ్లీ పీట మీద కూర్చున్నాను. తర్వాత నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎడమ మలుపు వస్తుంటే కుడి అని పిలిచాను.

"కుడి మలుపు" అని ఆయన కుడికే తిప్పారు. కారు లోయలో పడింది.

ఆయన చేతిలోది మెల్లగా కింద పెట్టారు.

"తప్పు పిలవకూడదమ్మా. ఆటలో ఐనా పిలవకూడదు" అన్నారు. కోపం లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తర్వాత తనే చెప్పారు. "నడిమినంతా మసకమ్మా. పక్కలే అగుపిస్తాయి. బండి దిగక ముందు మూడు నెల్లు ఇలగే నడిపినాను. అసిస్టెంటు పిలస్తంటే ఆ గొంతు బట్టి నడిపినాను. ఎవుల్కీ సెప్పలేదు. ఆకరికి నాకే బయమేసి, నానే డాక్టరు కాడికి పోయినాను."

నాకు జాలి కలగలేదు, మండిపోయింది. ఆ మూడు నెలల్లో పెళ్లికి ముందు ఆ లైను మీదే మావారు ఎన్నిసార్లు టాటా వెళ్లివచ్చి ఉంటారో అనిపించింది. వెనక పది బోగీల జనం మావయ్యా అన్నాను. అవునన్నారు. అదే తన నిద్ర తినేస్తోందన్నారు. కాలనీ తాగుబోతన్నా నోరెత్తకపోవడానికి కారణం అప్పుడు తెలిసింది: నిజం తాగుడు కన్నా చెడ్డదని ఆయన లెక్క. రెండు రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు. కంచం పెట్టి వెళ్లిపోయాను. మూడోరోజు పరదా అవతలనుంచి ఆయనే పిలిచారు.

"జారడం తప్పు గాదమ్మా. జారతన్నానని తెలిసీ పట్టు తప్పనట్టు నటించినాను సూడు, అదే తప్పు. నాను పోయినాక ఈ మాట అందరికీ సెప్పు. ఇప్పుడు సెప్తే నన్ను తిట్టి ఒగ్గేస్తారు. పోయినాక ఐతే కళ్ల గురించి మాటాడుకుంటారు."

ఇప్పుడు చెబుతున్నది అందుకే. మీ ఇంట్లో డ్రైవరుంటే, ఈ ముక్క చదివి వినిపించండి.

ఆ సోమవారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని లాబీలో చేరారు. అక్కడి డ్రైవర్లను ఆయన పెట్టిన బాధ ఇంతా అంతా కాదు. సంతకం పెట్టే ప్రతివాణ్నీ గది ఈ చివర నిలబెట్టి, ఆ చివరి గోడ మీది మందుల షాపు క్యాలెండరు చదవమనేవారు. తనకు కనపడదు కదా, అందుకని నెల మారేసరికి నన్ను ఒకసారి లాబీకి తీసుకెళ్లి, ఆ కాగితం మీదున్నదంతా చదివించుకుని బట్టీ పట్టేవారు. ఒక్క అక్షరం తడబడినా పట్టేసేవారు. చాదస్తం అని నవ్వుకున్నారు. కానీ ఇద్దరు కుర్ర డ్రైవర్లను తనే చెయ్యిపట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. మా కొండదారి ఆదివారాలకు మారింది. పొట్టలో బిడ్డతో నేను పీట మీద కూర్చోలేకపోతే కుర్చీ తన దగ్గరకు జరిపించుకుని, పిలుపు మాత్రం మానొద్దనేవారు.

మూడో నెల దాకా కదలొద్దని అమ్మ అన్నా వినకుండా, నెల మాసికానికి బిడ్డతో ఖరగ్‌పూర్ వచ్చేశాను. భోజనాలయ్యాక ఒకాయన మిగిలిపోయాడు. సుభాష్‌పల్లి బెంగాలీ మనిషి, మావయ్యగారి పాత అసిస్టెంటు. డ్యూటీ మధ్య డ్రైవర్లు పడుకునే రన్నింగు రూముల్లో మా వాళ్ల దగ్గర నేర్చుకున్న తెలుగు. కోడలినని నన్ను బౌమా అనేవాడు, అన్నగారి వరసలో మావయ్యగారిని దాదా అనేవాడు. నేను మూడు నెలల సంగతి ఆయనకే మొదట చెప్పాను. చెప్పడం నా బాధ్యత అనుకున్నాను.

"బౌమా, నాకు తెలుసు" అన్నాడు. "దాదా సూడలేకపోతన్నాడని మొదటి వారమే తెల్సింది. అందుకే గట్టిగా పిలిసేవోడిని. నాకూ సెప్పే ధైర్యం లేదు."

ఇద్దరూ ఒక ఇంజనులో, ఒకరికొకరు చెప్పుకోకుండా, మూడు నెలలు. నాకు ఎవరి మీదా కోపం రాలేదు. బిడ్డను ఆయన చేతికిచ్చి కూర్చున్నాను. కాసేపటికి ఆయనే మరొకటి చెప్పాడు. ఆ మూడు నెలలూ బండి ఖరగ్‌పూర్ చేరాక దాదా వెంటనే ఇంటికి పోయేవాడు కాదట. ఇంజను దిగి, ఆ పొడుగాటి ప్లాట్‌ఫారం మీద, ఆ బండి జనం బయటికి వెళ్లే దారికి ఒక పక్కగా నిలబడేవాడట. మూటలతో, పాలక్యాన్లతో, భుజాన నిద్రపోయే పిల్లలతో వాళ్లు పక్కనుంచి పోతుంటే, ఒక్కరి ముఖమూ కంటికి ఆనకపోయినా, ఆఖరి మనిషి దాటి వెళ్లేవరకూ టోపీ తీసి చేత్తో పట్టుకుని అలాగే నిలబడి ఉండేవాడట.