ఛోడ్ అనేదాకా

బండిలో చప్పుడు వచ్చిందంటే ఎక్కడో ఒక బేరింగ్ పోయిందని నమ్మే మనిషిని నేను. ముప్పై ఏళ్ళుగా నా బతుకు అదే. దయ్యాలు, గాలి సోకడాలు, తాయెత్తుల గురించి ఇంట్లో మాటలు మొదలైతే లేచి బయటికి పోయేవాణ్ణి. నమ్ముతానని ఇప్పటికీ చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మాది బోధన్. నిజామాబాద్ రోడ్డు మీద, ఒకప్పుడు చెరుకు లారీలు వరసగా ఆగే చోట, మా అన్న గంగారాం, నేను రేకుల షెడ్డు వేసుకొని కార్లు బాగుచేసేవాళ్ళం. మూడో మనిషిని ఎప్పుడూ పెట్టుకోలేదు. ఇద్దరం పని నేర్చుకున్నది నిజామాబాద్‌లో ఒక ఉస్తాద్ దగ్గర. ఆయన మా చేతికి పానా ఇవ్వడానికి ముందే రెండు మాటలు నేర్పాడు.

ఆ మాటలు తెలియాలంటే పని కొంచెం చెప్పాలి. ఇంజన్ ముందు భాగంలో ఒక పొడుగు బెల్టు నాలుగైదు పుల్లీల మీదుగా మెలికలు తిరిగి ఉంటుంది. అది వదులు కాకుండా నొక్కి పట్టేది టెన్షనర్. దానిలో గట్టి స్ప్రింగ్ ఉంటుంది. బెల్టు ఎక్కించాలంటే ఒకరు పైనుంచి పొడుగు రాడ్డు వేసి టెన్షనర్‌ను వెనక్కి లాగి పట్టాలి. ఇంకొకరు బండి కింద తవ్విన గుంతలో నిలబడి, చేతులు లోపలికి పెట్టి బెల్టును పుల్లీ మీదికి తొయ్యాలి. చేతులు లోపల పెట్టినవాడు 'పకడ్' అంటే పైవాడు లాగి పట్టుకోవాలి. 'ఛోడ్' అంటేనే వదలాలి. ఆ మాట వినబడేదాకా మీద పిడుగు పడ్డా వదలొద్దనేవాడు ఉస్తాద్.

మూడేళ్ళ కింద, దసరా ముందు రోజు, నేను వదిలాను.

తెల్లారితే ఆయుధపూజ. అందరికీ బండి కావాలి. షెడ్డు ముందు ఏడు కార్లు ఆగి ఉన్నాయి. అన్న గుంతలో ఉన్నాడు, రాడ్డు నా చేతిలో ఉంది. బెల్టు ఎక్కినట్టే కనిపించింది. అయిపోయిందనుకొని ఆ మాట రాకముందే చెయ్యి తీశాను. అన్న కుడిచేతి చూపుడువేలు రెండు కణుపుల మేర తెగిపోయింది.

ఆస్పత్రిలో, ఇంట్లో, అడిగిన అందరికీ అన్న ఒకటే చెప్పాడు, తన చెయ్యే జారిందని. నేను పక్కనే ఉన్నాను. ఔననలేదు, కాదనలేదు. మర్నాడు కట్టు కట్టిన చేత్తోనే పానాలన్నీ కడిగి వరసగా పేర్చి, ఆ రాడ్డుకు కూడా పసుపు కుంకుమ పెట్టాడు. సాయంత్రం జమ్మి ఆకు నా చేతిలో పెట్టి అలయ్ బలయ్ అంటూ కౌగిలించుకున్నాడు. నేను బొమ్మలా నిలబడ్డాను.

తర్వాత వచ్చిన బెల్టు పనికి రాడ్డు మళ్ళీ నాకే ఇవ్వబోయాడు. నేను తీసుకోలేదు. అప్పటి నుంచి రాడ్డు ఆయన పట్టేవాడు, లోపల చేతులు నేను పెట్టేవాణ్ణి. ఆయన దించే తీరు వేరు. మామూలుగా ఎవరు వదిలినా స్ప్రింగ్ ఠక్కున కొడుతుంది. ఆయన మాత్రం మిగిలిన వేళ్ళతోనే, పసిపిల్లను తొట్లె‌లో పడుకోబెట్టినట్టు మెల్లగా దించేవాడు.

ఈ ఎండాకాలంలో అన్న పోయాడు. పొద్దున చాయ్ తాగుతూ ఛాతీ పట్టుకున్నాడు. ఆటోలో వేసుకొని పోతుంటే దారిలోనే అయిపోయింది.

నాకు ఏడుపు రాలేదు. పాడె మోశాను, నీళ్ళు మోశాను, వచ్చినవాళ్ళకు కుర్చీలు వేశాను. అన్నీ చేశాను గానీ ఏదీ తెలియలేదు. గుండె రాయి చేసుకున్నాడని కొందరన్నారు, మొదటి నుంచీ రాయేనని కొందరన్నారు. పదకొండో రోజు వదిన నన్ను అడగనే అడిగింది.

"ఏం సాయిలూ, మీ అన్న పోతే నీ కండ్లల్లకెల్లి ఒక్క సుక్క రాలే."

"వస్తలేవు వదినా" అన్నాను.

ఏడవాలంటే ముందు ఆ వేలి సంగతి చెప్పాలి. అది అడ్డం పడి ఉంది. దాని వెనక మిగిలినవన్నీ ఆగిపోయాయి. ఇప్పుడు చెప్పినా వినాల్సిన మనిషి లేడు కదా అని ఊరుకున్నాను.

నాలుగు నెలలు గడిచాయి. షెడ్డు నేనొక్కణ్ణే నడుపుతున్నాను. ఒకరోజు వర్ని నుంచి ఒక లెక్కల సార్ తన కారు తెచ్చాడు. ముందు నుంచి గరగర చప్పుడు. పొడుగు స్క్రూడ్రైవర్ ఒక కొన టెన్షనర్ మీద, రెండో కొన చెవికి ఆనించి విన్నాను. దాని బేరింగే పోయింది. మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతం, మంచి ఎండ. సార్ రోడ్డు అవతల హోటల్లో చాయ్ తాగడానికి పోయాడు. షెడ్డులో నేను తప్ప ఎవరూ లేరు.

పాత టెన్షనర్ విప్పి కొత్తది బిగించాను. కొన్ని కొత్తవాటికి స్ప్రింగ్‌ను పట్టి ఉంచే పిన్ను పెట్టి పంపుతారు. దీనికి పిన్ను లేదు. ఆయిల్‌తో పనిచేసే రకమైతే మెల్లగా దిగుతుంది. ఇది ఆ రకం కాదు. పని తెలిసినవాళ్ళు మొదట అడిగేవి ఈ రెండే కాబట్టి ముందే చెప్తున్నాను.

ఒంటరిగా చేసేటప్పుడు కింది పుల్లీకి ముందు బెల్టు చుట్టి, పై పుల్లీ చివరికి పెట్టుకోవాలి. అప్పుడు పైనే నిలబడి ఒక చేత్తో రాడ్డు లాగి, ఇంకో చేత్తో ఎక్కించుకోవచ్చు. నాలుగు నెలలుగా అట్లాగే చేస్తున్నాను. ఆ రోజు మాత్రం మతిమరుపుతో, అన్న ఉన్నప్పటిలాగే పైవన్నీ చుట్టేసి, రాడ్డు టెన్షనర్‌కు తగిలించి, కింది పుల్లీ కోసం గుంతలోకి దిగాను. రెండు చేతులూ లోపలికి పెట్టి, అలవాటుగా "పకడ్" అన్నాను.

బెల్టు వదులైంది.

అంచు పట్టుకొని తోస్తే పుల్లీ మీదికి ఎక్కింది. గాడుల్లో సరిగ్గా కూర్చుందా లేదా అని వేలితో తడిమి చూశాను. కూర్చుంది. ఛోడ్ అనడానికి నోరు తెరిచాను. అప్పుడు గుర్తొచ్చింది అన్న లేడని.

భయం వేయలేదు. ఏమీ అనిపించలేదు. నా వేళ్ళు బెల్టుకూ పుల్లీకీ మధ్యనే ఉన్నాయి. తియ్యాలని కూడా తోచలేదు. రోడ్డు మీద ఒక ట్రాక్టర్ పాటలు పెట్టుకొని వచ్చి, దాటి, దాని పాట వినబడకుండా పోయేంతసేపు అట్లాగే ఉన్నాను. తర్వాత చేతులు తీసుకొని మెట్లెక్కి పైకి వచ్చాను.

రాడ్డు లాగి పట్టిన చోటనే నిలబడి ఉంది. టెన్షనర్ వెనక్కి వంగే ఉంది. రాడ్డు కొన దేనికైనా ఆనుకుందేమోనని వంగి చూశాను. చుట్టూ జానెడు ఖాళీ ఉంది. నేను ముట్టుకోలేదు.

సార్ నా కోసం కూడా ఒక చాయ్ పట్టుకొని రోడ్డు దాటి వచ్చాడు. ఆయన షెడ్డులోకి అడుగుపెట్టాక, రాడ్డు వైపు చూస్తూ అన్నాను.

"ఛోడ్, అన్నా."

రాడ్డు దిగింది. ఠక్కుమనలేదు. మెల్లగా, చివరిదాకా మెల్లగానే దిగింది. బెల్టు బిగిసింది.

"గంత మెల్లగ దిగుతదా అది?" అన్నాడు సార్.

"దిగది సార్."

ఆయన చాయ్ నా చేతికిచ్చాడు. తాగాను. తర్వాత ఆయన ముందే, అదే రాడ్డుతో, మళ్ళీ నాలుగుసార్లు లాగి వదిలి చూశాను. నాలుగుసార్లూ ఠక్కున కొట్టింది. ఎక్కడా ఆగలేదు. ఐదోసారి సార్ తానే లాగి చూశాడు. అదే తీరు. బండి స్టార్ట్ చేస్తే చప్పుడు లేదు. ఆయన ఎక్కి వెళ్ళిపోయాడు, మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు.

సాయంత్రం వదిన దగ్గరికి పోయాను. చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతోంది. రాడ్డు సంగతి చెప్పలేదు. వేలి సంగతి చెప్పాను. అన్న చెయ్యి జారలేదని, నేనే వదిలానని చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

"నాకెర్కే. గా దినమే మీ అన్న చెప్పిండు" అంది. "'వాడు తనంతల తాను చెప్పేదాక నువ్వు అడగకు' అన్నడు. అడగలే."

అప్పుడు వచ్చింది ఏడుపు. ఆ చాట పక్కనే కూర్చొని, చీకటి పడేదాకా ఏడ్చాను. వదిన బీడీలు చుడుతూనే ఉంది.

రాడ్డు ఎవరు పట్టారని ఎన్నో రకాలుగా ఆలోచించాను, ఏదీ కుదరలేదు. మళ్ళీ ఎప్పుడూ అట్లా జరగలేదు కూడా. ఇప్పుడు మరిచిపోకుండా పై పుల్లీనే చివరికి పెట్టుకుంటాను, ఒక చేత్తో రాడ్డు, ఒక చేత్తో బెల్టు. బెల్టు ఎక్కి, వేళ్ళు బయటికి వచ్చాక, ఖాళీ షెడ్డులో నాకు నేనే ఛోడ్ అంటాను. అన్నాకే దించుతాను, మెల్లగా.