వెనుక తలుపులు మూసేసిన కారు

జనగామలో మహబూబాబాద్ బస్సెక్కాను. సీట్ల వరుసల మధ్య, నడిచే దారిలో, కొత్తగా తోలు కుట్టిన కారు సీటొకటి ఉంది. దాని పక్కన నిలబడ్డ నడివయసు మనిషి నన్ను ఎగాదిగా చూశాడు.

“జర గీండ్ల కూసోరాదే అన్నా. మా బాపు గూడ నీ అంతనే ఉంటడు.”

కూర్చున్నాను. నా నడుముకీ సీటుకీ మధ్య అరచెయ్యి దూర్చబోయాడు. దూరలేదు.

“అగో, సందే లేదు. మంచిగ కుట్టిండు!” అని మురిసిపోయాడు.

వాళ్ల బాపు ఒకప్పుడు ఊరి దొర దగ్గర విదేశీ కారు నడిపేవాడట. పాడుబడి కొట్టంలో పడున్న ఆ కారును ఇతను కొని బాగుచేయిస్తున్నాడు.

“బాపును ఎన్క కూసోమంటే కూసోడన్నా. కారు నడిపినోడు ఎన్క కూసుంటడా అంటడు. గందుకే దొర కూసున్న సీటునే కోసి ముందటికి రెండు సీట్లు చేయించిన. అమ్మది బిగిచ్చిన. గిది బాపుది, నడిపేది ఆయననే.”

“మరి వెనుక ఎవరు కూర్చుంటారు?”

“ఎవ్వలు కూసోరు. ఎన్క తలుపులు వెల్డింగ్ కొట్టిచ్చిన,” అని హాయిగా నవ్వాడు.

మహబూబాబాద్ దాకా నన్ను ఆ సీట్లోంచి లేవనివ్వలేదు. ఆ తర్వాత ఎప్పుడు అద్దె కారెక్కినా నా చెయ్యి ముందు తలుపు మీదికే పోతోంది.