నా పేర నిలిపిన రాయి

మొన్న జెండా పండుగ నాడు మా పంచాయతీ దగ్గర మాజీ సైనికులకు శాలువాలు కప్పారు. నన్ను రెండో వరుసలో కూర్చోబెట్టారు, అదీ సరేననుకున్నాను; కానీ మైకు పట్టుకున్న కుర్రమాస్టరు నా వంతు వచ్చేసరికి, ఈయన రాజస్థాన్ సరిహద్దులో సేవ చేశారని మా వైపు సర్కారు భాషైన హిందీలో చదివేశాడు. రాజస్థాన్ కాదయ్యా, సముద్రం దాటి లంకకు పోయి యుద్ధం చూసి వచ్చినవాణ్ణి అని చెప్పడానికి లేస్తే, బైఠియే దాదా అంటూ చప్పట్లు కొట్టించి కూర్చోబెట్టారు. ఆ శాలువాను కుర్చీ మీదే వదిలేసి వచ్చాను. నా ఈడువాళ్ళు, ఆ రోజులు ఎరిగినవాళ్ళు మీరు; మీకైనా ఉన్నది ఉన్నట్టు చెబుదామని ఇది రాస్తున్నాను.

సైన్యానికి పోవాలని నేనెన్నడూ కోరుకోలేదు. మద్దేడ్‌లో బస్సు దిగి అడవిలోకి నడిచి పోవాల్సిన ఊరు మాది, నాకు తెలిసింది నాగలీ, వరిమడీ. ఊరి పటేలు మా చిన్నాయన. ఊరికొక కుర్రాణ్ణి భర్తీకి పంపమని తహసీలు వాళ్ళే అన్నారో, మెప్పు కోసం ఈయనే ఒప్పుకొచ్చాడో నాకిప్పటికీ తెలియదు గాని, తన కొడుకులిద్దరినీ ఇంట్లో పెట్టుకొని నా పేరు చెప్పి వచ్చాడు. చట్టంలో ఏ బలవంతమూ లేదని తర్వాతెప్పుడో తెలిసింది. పటేలు మాట ఇచ్చాక నాయన కాదనలేకపోయాడు, నాయన తలూపాక నేను కాదనలేకపోయాను, దుక్కి సగంలో వదిలి జగదల్‌పూర్ బస్సెక్కాను. ఆ సంగతి చిన్నాయన బతికినన్నాళ్ళూ ఆయన ముందు ఎత్తుతూనే ఉన్నాను.

శిక్షణ ముగిసిన కొన్నాళ్ళకే మద్రాసులో ఓడ ఎక్కించారు. ఇంద్రావతి వరదను మించిన నీళ్ళుండవనుకున్న నాకు ఆ సముద్రంలో అవతలి గట్టు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. తీరా అవతలి ఒడ్డున దిగితే ఎటు చూసినా తాటిచెట్లే, మా భోపాలపట్నం వైపు గట్ల మీద నిలబడ్డట్టే నిలబడి ఉన్నాయి. ఇంత దూరం తిప్పి మళ్ళీ మా దగ్గరే దింపారా అనిపించింది. ఆ తాటివనాల మధ్య మట్టిబాటల్లో మందుపాతరలుండేవి. మా దళంలో శ్రీకాకుళం జవాను ఒకడు, నేను నోరు తెరిస్తే చాలు, ఇదేం తెలుగురా, ఎలుగుబంట్ల దగ్గర నేర్చుకున్నావా అని అందరి ముందూ నవ్వేవాడు. నేను మరిచిపోలేదు. మా బండి పేలిన రోజున, ఒంట్లో ఇనుపముక్కలు దిగి నేనే కుంటుతూ ఉండి కూడా, వాణ్ణే భుజాన వేసుకొని తాటివనం దాటించాను. దారిపొడుగునా వాడికి తెలివి తప్పిపోతూ ఉంది.

"ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండరా, నీ అడవి తెలుగులోనే మాట్లాడు" అన్నాడు.

మా ఊరి ఎడ్ల పేర్లన్నీ చెప్పాను. వాడు బతికాడు. నా బతుకులో నేను చేసిన పనులన్నిటిలోకీ అది పెద్దదని ఇవాళ్టికీ తల ఎత్తుకొని చెబుతాను.

నేను మద్రాసు ఆసుపత్రిలో నెలల తరబడి పడి ఉండగా, బండి పేలిన వార్త ఊరికి చేరింది, నేను బతికిన వార్త చేరలేదు. సెలవు మీద వచ్చిన జవాను ఎవడో, ఆ బండిలో ఒక్కడూ మిగల్లేదని గీదం సంతలో చెప్పాడట. పోయినవాడి పేర బాట పక్కన రాయి నిలపకపోతే వాడి జీవం దిక్కు లేక తిరుగుతుందని మా వైపు నమ్మకం. నీళ్ళవతల పోయిన బిడ్డకు ఆలస్యం చేయకూడదని నాయన వాగులో నిలువెత్తు రాయిని ఎంచాడు, ఊరి మగవాళ్ళంతా తాళ్ళు కట్టి గట్టెక్కించి, బాట దాకా లాగి, నా పేర నిలబెట్టారు.

కొత్త బియ్యం వండుకునే కొత్తల పండుగ దగ్గర పడ్డాక నేను యూనిఫాంలో ఊళ్ళోకి వచ్చాను. కోత కోస్తున్న ఆడవాళ్ళు కొడవళ్ళు వదిలి పరుగెత్తారు. అమ్మ ఏడుస్తూ ఎదురొచ్చింది, కానీ గుమ్మం దగ్గర ఊరి పూజారి వడ్డె అడ్డం నిలిచాడు. రాయి పడ్డవాడు ఇంటి దేవర ముందుకు రాకూడదట, కొత్త బియ్యం వాడి ఆకులో పడకూడదట. ఇంట్లో కొత్తలు తిననివాడికి పొలంలో వాటా లేదు, పిల్లనిచ్చేవాడూ ఉండడు. చిన్నాయన తేలికగా తేల్చేశాడు.

"మేకను దండుగ కట్టి మళ్ళ పుట్టినట్టు పేరు పెట్టిచ్చుకోరా, అయిపోతది."

"తప్పు చేసినోడు కడతడు దండుగ. చావకుంట వచ్చుడే తప్పయితే చెప్పు, కడత" అన్నాను. రాయిని నిలిపినవాళ్ళే దించాలని పట్టుబట్టాను. దించిన రివాజు ఎన్నడూ లేదని వడ్డె అన్నాడు. అయితే నేనూ కదలనని గొడ్ల కొట్టంలో పడుకున్నాను. పోయినవాడి పేరు పలకకూడదు గనుక, అమ్మ కూడా పేరు పిలవకుండా అన్నం పెట్టి వెళ్ళేది. ఒంట్లో దిగిన ఇనుము కూడా నన్ను అంత బాధ పెట్టలేదు.

పండుగ నాడు ఊరంతా మా వాకిట్లో ఉండగా, దేవర ముందు పెట్టాల్సిన మొదటి ఆకును అమ్మ నేరుగా కొట్టంలోకి పట్టుకొచ్చింది. వడ్డె అరుస్తున్నా ఆగలేదు. నా పేరు పెట్టి, వాకిలంతా వినబడేట్టు పిలిచింది.

"నేను కన్నోడు బతికిండో లేదో మీరు చెప్తరా నాకు? తినురా బిడ్డా. ఏమన్న అయితే నాకే కానియ్యి."

నేను ఆకు ముందు కూర్చున్నాను గాని, రాయి ఇంకా నిలిచే ఉందని చెయ్యి పెట్టలేదు. నాయన లేచి, చూరులోంచి గడ్డపార తీసుకొని బాటకేసి నడిచాడు. ఆ రాయిని లాగినవాళ్ళు ఒకరి వెనక ఒకరు లేచారు. చిన్నాయన అందరికన్నా చివర వచ్చి తాడు పట్టుకుంటూ, "లంకల గెలిచినవో లేదో గాని, ఈడ గెలిచినవు పో" అన్నాడు. రాయిని పక్కకు ఒరిగించి పడుకోబెట్టాక, చల్లారిన ఆ కొత్తన్నాన్ని నాయన పక్కన కూర్చొని తిన్నాను. రాయి నిలిపించుకొని, మళ్ళీ దింపించుకున్నవాడు మా చుట్టుపక్కల ఊళ్ళలో నేనొక్కణ్ణే.

ఇప్పుడు సైన్యంలో చేరిన కుర్రాళ్ళు ఎక్కడున్నా ఫోనులో మొహం చూపిస్తారు, బతికినవాడికి ఎవరూ రాయి నిలపరు. మంచిదే. నిజంగా పోయినవాడికి కూడా ఇప్పుడు రాయి లాగడం లేదు. రంగు వేసిన సిమెంటు పలకను ట్రాక్టరు తెచ్చి దించి వెళ్ళిపోతుంది. నా కోపాల్లో ఒక్కటీ తగ్గలేదు, తగ్గించుకునే ఆలోచనా లేదు. కానీ వాగు దగ్గరికి పోయినప్పుడల్లా ఆ నిటారు గట్టును చూసి ఆగిపోతాను. పోయాడనుకున్న ఒక్క కుర్రాడి కోసం అంతమంది భుజాలు ఒరుసుకుపోయేలా ఆ గట్టెక్కారు. నేను సంపాదించుకున్న గౌరవాల్లో అంత బరువైనది మరొకటి లేదు. ఆ తాళ్ళు పట్టినవాళ్ళలో ఇవాళ ఒక్కరూ లేరు. నా వంతు నిజంగా వచ్చిన రోజున ట్రాక్టరే వస్తుంది.