జడ్జి జేబులో అర్జీ

“అమ్మా, నేనిప్పుడు నీ ఎమ్మెల్యేను కాదు.”

“కాకపోతే నా ఓటు నాకిచ్చెయ్ సార్!”

ఆయనా నేనూ ఆఖరుగా అనుకున్న మాటలివే. ఆయన హైకోర్టు జడ్జి. నేను మస్కట్‌లో ఇంటిపని చేసుకునే కడప జిల్లా వితంతువును. మొగుడు పోయాక మిగిలిన ఒక్క ఇంటిస్థలాన్ని నా నోటితో నేనే ముంచబోయిన కథ ఇది. నేను చెబుతున్నాను, ఇక్కడే మస్కట్‌లో పనిచేసే మా చెల్లెలి కూతురు రాధ రాస్తోంది.

ఆయన మొదట మా ఊళ్లో ప్లీడరు. తర్వాత ఎమ్మెల్యే. ఓట్లకొచ్చి మా పొయ్యి దగ్గర కూర్చుని రాగిసంగటి తిన్నాడు. గెలిచాక నా ఇంటిస్థలానికి పట్టా కూడా ఇచ్చాడు. ఎవరు కాగితమిచ్చినా జేబులో కుక్కుకుని “చూస్తాలే” అనేవాడు. ఆ జేబు నెలలు నిండిన కడుపులా ఉండేది. ఆ తర్వాత పార్టీ వదిలేసి, మళ్లీ నల్లకోటు తొడిగి, ఏళ్లతరబడి వాదించి జడ్జి అయ్యాడు. కుర్చీతో పాటు జేబు కూడా మారుతుందని నాకేం తెలుసు?

స్థలం మీద మా మరిది వేసిన కేసు ఆయన దగ్గరికే వచ్చిందని లాయరు ఫోన్లో చెప్పాడు. సరిగ్గా ఆ నెలలోనే కూతుర్ని చూడడానికి ఆయన మస్కట్ వచ్చాడు. ఇక్కడి రూవి పేటలో తెలుగువాళ్లు శుక్రవారం విందు పెట్టారు. ఇంకేం! దండ, అర్జీ పట్టుకుని, రూమ్‌లోని ఇద్దరు ఆడవాళ్లను వెంటేసుకుని వెళ్లాను.

గుమ్మంలోనే “మా సారుకూ... జై!” అన్నాను. నేను గుసగుసలాడితేనే పక్క బిల్డింగులో కిటికీలు తెరుస్తారు. ఇక అరిస్తే చెప్పాలా?

విందు పెట్టినాయన పరుగెత్తుకొచ్చాడు. “యక్కా, నోరు ముయ్యి! ఇది మస్కట్. జై కొడితే పోలీసులొచ్చి అందర్నీ ఎత్తుకపోతారు!”

“సరేలేన్నా, అర్జీ ఇచ్చి పోతా.”

ఆ మాట వినగానే జడ్జి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

“కేసు మాట నా ముందర ఎత్తొద్దమ్మా.”

“ఎత్తను సార్. జేబులో పెడ్తా, అంతే.”

ఆయన సోఫా చుట్టూ తిరిగాడు. పారిపోయే పెళ్లికొడుకును పట్టుకునేదానిలా దండతో నేనూ తిరిగాను. మూడో చుట్టులో అనుకున్నవే మీరు మొదట చదివిన మాటలు. ఆయన అన్నం ముట్టకుండా వెళ్లిపోయాడు.

రూమ్‌కొచ్చి జరిగింది చెబితే రాధ తల పట్టుకుంది. “పెద్దమ్మా, కేసు వినే జడ్జికి అర్జీ ఇస్తారా ఎవరన్నా? స్థలం మీ మరిదికి రాసిచ్చినట్టే!”

ఆ తర్వాత నాకు ముద్ద దిగలేదు. లాయరు ఫోన్ మోగితే వంటింట్లో ఫ్రిజ్ వెనక నిలబడేదాన్ని. చివరికి ఒకరోజు గుండె రాయి చేసుకుని ఎత్తాను.

“ఏందమ్మా, ఫోనెత్తవే? తీర్పొచ్చింది. స్థలం నీదే!”

“ఆ సారుకు కోపం పోయిందా?”

“ఏ సారు? ఆ పాత ఎమ్మెల్యేనా? ఎమ్మెల్యేగా నీకు పట్టా ఇచ్చింది ఆయనే గదా, అందుకే ఈ కేసు తాను వినకూడదని మస్కట్‌కు పోకముందే వదులుకున్నాడు. విన్నది వేరే జడ్జి. ఆ ముక్క చెప్పాలనే ఇన్నిసార్లు ఫోన్ చేసినా!”

అంటే, నా కేసుతో సంబంధమే లేని పెద్దమనిషిని తరిమి తరిమి పస్తుతో పంపానన్నమాట. ఏడ్చాను, నవ్వాను, రెండు పళ్లేల అన్నం తిన్నాను.

మస్కట్ ఎండ మీద ఒట్టు. ఇకమీదట పాత ఎమ్మెల్యే ఎవరు ఎదురైనా, ఇప్పుడేం ఉద్యోగమో అడిగాకే దండ బయటికి తీస్తాను.

రాధా, ఇకిలించింది చాలు గానీ, మొదట్నుంచి చదువు, వింటాను.